ఫారం వెనక పని: సందేహాలు - సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెబ్ ఫారాల గురించే. అడ్మిషన్ల కాలం కదా, స్కూలు నుంచి సహకార సంఘం దాకా అందరూ దరఖాస్తులు ఆన్‌లైన్లో పెడుతున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. రాసినవాళ్లంతా పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ వాడుతున్నవాళ్లే కాబట్టి ఉదాహరణలు కూడా వాటిలోనే ఇస్తున్నాను. పీహెచ్‌పీకి ఈ పని కొత్త కాదు. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ తన రెజ్యుమే పేజీని ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాములు దాని మొదలు. ఆ తర్వాతి రూపానికి పీహెచ్‌పీ/ఎఫ్‌ఐ అని పేరు పెట్టారు. అందులో ఎఫ్ అంటే ఫారమ్సే.

ప్రశ్న: నమస్కారమండీ. మాది భీమవరం. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాం. మా అబ్బాయి స్నేహితుడు ఆర్డర్ ఫారం చేసిచ్చాడు. మొన్న ఎవరో రెండు కిలోల రొయ్యల పచ్చడి ఆర్డర్ పెట్టారు. 2,800 రూపాయలు పడాల్సిన బిల్లు 2 రూపాయలే పడింది. ఆ రెండు రూపాయలూ కట్టేశారు. ధర మేం ముట్టుకోలేదు. ఎవరైనా హ్యాక్ చేశారంటారా?
- ఒక గృహిణి, భీమవరం

జవాబు: అమ్మా, మీ సర్వర్‌లోకి ఎవరూ చొరబడలేదు. మీరు పంపిన కోడ్ చూశాను. ఫారంలో సరుకు పేరు, కిలోల లెక్క ఉన్నాయి. వాటి పక్కనే 'హిడెన్' గడిలో కిలో ధర 1,400 కూడా ఉంది. హిడెన్ అంటే తెరమీద కనిపించదని మాత్రమే అర్థం. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కితే ఆ గడి బయటపడుతుంది, 1400 తీసి 1 అని రాయొచ్చు. తర్వాత 'ఆర్డర్ చేయి' నొక్కితే మీ సర్వర్ ఆ 1ని రెండుతో గుణించి బిల్లు వేసింది. జరిగింది ఇంతే.

కొట్లో రేటు కొనేవాళ్లు రాయరు కదా. ఫారంలోనూ అంతే. ఫారం నుంచి సరుకు కోడ్, పరిమాణం, ఈ రెండే రావాలి. ధరని సర్వర్ తన టేబుల్లోంచే తీసుకోవాలి. చెల్లింపు గేట్‌వేకి పంపే మొత్తాన్ని కూడా సర్వరే లెక్కగట్టాలి. డబ్బు అందిందని గేట్‌వే చెప్పినప్పుడు, వచ్చిన మొత్తం బిల్లుతో సరిపోయిందో లేదో చూశాకే ఆర్డర్ ఖాయం చేయాలి.

పరిమాణాన్నీ నమ్మొద్దు. మీ ఫారంలో ఆవకాయ 1, గోంగూర మైనస్ 1 అని పంపితే బిల్లు తగ్గిపోతుంది. ఒకటికి తక్కువ కాకుండా, మీరు పెట్టుకున్న గరిష్ఠం దాటకుండా పూర్ణసంఖ్యేనా అని సర్వర్‌లోనే చూడాలి. జాబితాలోంచి ఎంచుకునే గడికీ ఇదే వర్తిస్తుంది. తెరమీద ఐదు పేర్లే చూపించినా ఆరోది పంపడం పెద్ద పని కాదు. 'రిక్వైర్డ్', 'మ్యాక్స్‌లెంగ్త్' లాంటివి నింపేవాళ్ల సౌకర్యం కోసం పెట్టినవి. అవి కాపలా కాయవు.

ఆ అబ్బాయిని తప్పు పట్టకండి, నేర్చుకునే దశలో ఇది అందరూ చేసే పొరపాటే. సరిదిద్దడానికి అరగంట పడుతుంది. దానికన్నా ముందు ఒక పని చేయించండి. ఇప్పటిదాకా వచ్చిన ఆర్డర్లన్నిటిలో కిలో ధరని కిలోలతో గుణించి, వసూలైన బిల్లుతో పోల్చి చూడమనండి. ఇది మొదటిసారి కాకపోవచ్చు.

ప్రశ్న: సార్, మా సహకార సంఘానికి సభ్యత్వ ఫారం రాశాను. జిల్లా ఎంచుకుంటే దాని మండలాలు రావాలి. పేర్లన్నీ జావాస్క్రిప్ట్ ఫైల్లో రాసేశాను, బాగానే నడుస్తోంది. కానీ పాత రిజిస్టర్ ఎక్కించాక 'వరంగల్' జిల్లా లెక్క అసలు తేలడం లేదు. కొందరు సభ్యుల మండలాలు ఆ జిల్లాలో లేనే లేవంటోంది.
- ఒక ప్రోగ్రామర్, హనుమకొండ

జవాబు: తమ్ముడూ, మీ ఊరే దీనికి మంచి ఉదాహరణ. 2016 అక్టోబరు 11కి ముందు వరంగల్ అంటే ఒక పెద్ద జిల్లా. ఆ రోజున తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వచ్చాయి. 2019లో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. 2021లో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. అంటే మీ రిజిస్టర్‌లో 2015 నాటి 'వరంగల్', 2022 నాటి 'వరంగల్' ఒకే పేరుతో ఉన్న రెండు వేరే ప్రాంతాలు. కోడ్‌లో తప్పు వెతికితే దొరకదు. పేరునే గుర్తుగా వాడుకోవడం దగ్గరే లెక్క చెడింది.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన విషయం. ఆ 2016 అక్టోబరు 11 విజయదశమి. అప్పుడు ఒక సంస్థకి నేను రాసిన దరఖాస్తు ఫారంలో జిల్లాల పేర్లు నాలుగు చోట్ల ఉండేవి: ఫారం గీసే ఫైల్లో, సరిచూసే ఫైల్లో, రిపోర్టులో, రసీదులో. పండగ మర్నాడు మూడు చోట్ల మార్చి నాలుగోది మరిచాను. దాంతో కొత్త జిల్లా ఎంచుకున్న ప్రతివాళ్లకీ రసీదు మీద జిల్లా పేరు ఖాళీగా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయిన రోజున ఇంకో ఫారంలో టేబుల్లో వరుసలు చేర్చాను, ఫైళ్ల జోలికి పోలేదు. ఆ రెండు రోజుల మధ్య నేను నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

జిల్లాలకి ఒక టేబుల్ పెట్టండి. అందులో కోడ్, తెలుగు పేరు, ఏ తేదీ నుంచి అమల్లో ఉంది, ఏ తేదీ దాకా ఉంది అనే గడులుండాలి. మండలాలకి ఇంకో టేబుల్ పెట్టి అందులో జిల్లా కోడ్ కూడా ఉంచండి. కోడ్‌లు సొంతంగా కల్పించకండి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో రాష్ట్రం నుంచి గ్రామం దాకా ప్రతిదానికీ కోడ్ ఉంది, అదే వాడండి. రేపు మీ జాబితాని ఇంకో శాఖ జాబితాతో కలపాల్సి వస్తే ఆ కోడ్‌లే ఆదుకుంటాయి.

ఫారం గీసేటప్పుడు ఈరోజు అమల్లో ఉన్న వరుసల్ని తెచ్చి, లూప్ తిప్పి ఆప్షన్లు రాయండి. విలువగా కోడ్, కనిపించేదిగా పేరు ఉండాలి. పేరు రాసే ప్రతిచోటా హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ ఫంక్షన్ గుండానే పోనివ్వండి. జిల్లా మారినప్పుడు మండలాల కోసం సర్వర్‌కి చిన్న అభ్యర్థన పంపి, వచ్చిన జాబితాతో రెండో గడి నింపండి. ఊళ్లలో సిగ్నల్ మధ్యలో పోతుంటుంది కాబట్టి, జావాస్క్రిప్ట్ పని చేయకపోయినా 'మండలాలు చూపించు' బటన్ నొక్కితే పేజీ మళ్లీ గీసుకునేలా పెట్టండి. అప్పటిదాకా నింపిన పేరు, ఫోన్ నంబరు చెరిగిపోకూడదు.

ఫారం అందాక ఈ మండలం ఈ జిల్లాదేనా అని అదే టేబుల్లో చూడండి. నేను పట్టుబట్టి చెప్పే మాట ఒకటే: ఫారాన్ని గీసేదీ, వచ్చినదాన్ని సరిచూసేదీ ఒకే జాబితాలోంచి పుట్టాలి. జాబితాలు రెండుంటే ఎప్పుడో ఒకరోజు అవి తేడా పడతాయి.

ఇదే పద్ధతిని గడులకీ వాడొచ్చు. గడి పేరు, చూపించాల్సిన మాట, రకం, తప్పనిసరా కాదా, వరుస సంఖ్య, సరిచూసే నియమం, ఇవన్నీ టేబుల్లో పెడితే ఒక లూప్ ఫారం గీస్తుంది, ఇంకో లూప్ వచ్చిన జవాబుల్ని సరిచూస్తుంది. మీ సంఘం కార్యదర్శి రేపు 'పాడి పశువులెన్ని' అని అడగమంటే ఒక వరుస చేర్చితే చాలు. రకాలు మాత్రం ఐదారుకి మించనివ్వకండి. అన్ని ఫారాలకీ పనికొచ్చే యంత్రం కట్టబోయి అసలు ఫారం మొదలెట్టనివాళ్లని చాలామందిని చూశాను. పేరు, ఫోన్, జిల్లా లాంటి స్థిరమైనవి మామూలు కాలమ్‌లుగానే ఉంచండి. మారే ప్రశ్నల జవాబుల్ని జేసన్ కాలమ్‌లో వేయండి, మైఎస్‌క్యూఎల్ 5.7 నుంచి అది ఉంది. జవాబులు వచ్చేశాక పాత ప్రశ్న అర్థం మాత్రం మార్చొద్దు. దాన్ని మూసేసి కొత్త వరుస తెరవండి.

ప్రశ్న: అయ్యా, మా ఉన్నత పాఠశాలలో విద్యార్థుల పేర్లు తెలుగులోనే నింపించాలని నా కోరిక. కానీ 'పట్టాభిరామయ్య' అని కొడితే 'పేరు 30 అక్షరాలు దాటింది' అంటోంది. ఇంగ్లిషులో కొడితే తీసుకుంటోంది. గుర్తింపు కార్డు మీద కొన్ని పేర్ల చివర నల్ల డైమండులో ప్రశ్నార్థకం వస్తోంది. తెలుగు వదిలేయమని కుర్రాళ్లు సలహా ఇస్తున్నారు.
- ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: వదలకండి మాస్టారూ. తప్పు మీ ఫారంది, తెలుగుది కాదు.

ఆ పేరునే విడదీసి చూద్దాం. ప, ట్టా, భి, రా, మ, య్య. మన కంటికి 6 అక్షరాలు. యూనికోడ్ వీటిని ఇలా చూడదు. హల్లు ఒకటి, దాని గుణింతం ఇంకొకటి, పొల్లు మరొకటి. 'ట్టా' ఒక్కటే నాలుగు. అలా మొత్తం 13. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, అంటే 39 బైట్లు. మీ ఫారం పొడవు చూడటానికి వాడిన ఎస్‌టీఆర్‌లెన్ ఫంక్షన్ లెక్కపెట్టేది బైట్లని. 39 అనేది 30 కన్నా ఎక్కువ కాబట్టి వద్దంది. అదే పేరు ఇంగ్లిషులో 15 అక్షరాలు, 15 బైట్లు, కాబట్టి దారిచ్చింది. దాని బదులు ఎంబీ_ఎస్‌టీఆర్‌లెన్ వాడితే 13 అని చెబుతుంది. మైఎస్‌క్యూఎల్లో వార్‌చార్ 50 అంటే 50 బైట్లు కాదు, 50 గుర్తులు. కాబట్టి డేటాబేస్ వైపు ఇబ్బంది లేదు.

కార్డు మీది ప్రశ్నార్థకం కూడా దీని తోబుట్టువే. కార్డులో చోటు చాలదని పేరుని 20 దగ్గర కత్తిరించారు, అదీ బైట్లలో. 20 బైట్లంటే ఆరు గుర్తులు పూర్తిగా, ఏడో గుర్తులో మూడింట రెండు వంతులు. 'పట్టాభ' దాకా వచ్చి, 'భి' గుడి సగంలో తెగిపోయింది. తెగిన ముక్క ఏమిటో అర్థం కాక కంప్యూటర్ ఆ డైమండు వేసింది. గుర్తుల లెక్కన కత్తిరించినా 'ట' తర్వాత పొల్లు దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. వత్తుని అక్షరంతో కలిపి ఒక్కటిగా లెక్కించే నియమం తెలుగుకి 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే వచ్చింది, సర్వర్‌లో పాత లైబ్రరీ ఉంటే అది అందదు. పిల్లవాడి పేరుని అసలు కత్తిరించకండి. కార్డులో రెండు వరుసలు ఇవ్వండి.

మీ తర్వాతి ఉత్తరంలో వచ్చే ఇబ్బందిని కూడా ఇప్పుడే చెప్పేస్తాను. పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలని ఎవరో ఒక నియమం రాసిపెడతారు. యూనికోడ్ లెక్కలో గుణింతాలు, పొల్లు, సున్న 'అక్షరాలు' కావు, 'గుర్తుల' వర్గంలోకి వస్తాయి. అలాంటి నియమం పెట్టిన ఫారంలో 'రమ' చేరుతుంది, 'రాము' చేరడు. 'గంగ' కూడా చేరదు. నియమంలో ఆ రెండు వర్గాలనీ ఒప్పుకోవాలి, ఖాళీనీ చుక్కనీ కూడా. పొడి అక్షరాలు రాయడానికి వాడే కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ని మధ్యలో ఉండనివ్వండి, మొదటా చివరా ఉంటే తీసేయండి. ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తీయదు. చివర అది మిగిలితే చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు సరిపోలవు, హాజరు పట్టీలో ఒకే పిల్లవాడు రెండుసార్లు కనిపిస్తాడు. ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ, రెండు గుర్తుల్ని కలిపీ రాసే వీలుంది కాబట్టి దాచేముందు నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి మార్చుకుంటే మంచిది.

డేటాబేస్ కనెక్షన్‌లోనూ టేబుల్లోనూ యూటీఎఫ్8ఎంబీ4 అని రాశారో లేదో ఈరోజే చూసుకోండి. టేబుల్లో అది లేకపోతే పేర్లు వరసగా ప్రశ్నార్థకాలుగా మారి భద్రం కావొచ్చు. అలా పోయినవి ఇక వెనక్కి రావు, మళ్లీ పిల్లల్ని అడిగి రాసుకోవాల్సిందే.

ప్రశ్న: మా కాలేజీలో ఒక సెక్షన్‌కి 60 మంది. ఒకే పేజీలో అందరి మార్కులూ ఎక్కించే ఫారం చేశాను. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి మూడు గడులు. 55 మంది వరకు బాగా భద్రమవుతున్నాయి. 56వ విద్యార్థికి సగమే వస్తున్నాయి, ఆ తర్వాత నలుగురికి ఏమీ లేవు. ఎర్రర్ కూడా చూపడం లేదు.
- ఒక లెక్చరర్, నంద్యాల

జవాబు: మీరు లెక్కలన్నీ రాసి పంపడంతో కారణం వెంటనే దొరికింది. 6 సబ్జెక్టులు, 3 గడులు అంటే ఒక్కొక్కరికి 18. అరవై మందికి 1,080. పీహెచ్‌పీ ఒక ఫారం నుంచి మామూలుగా 1,000 గడుల్నే తీసుకుంటుంది. మిగతావాటిని వదిలేసి లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది. 55 మందికి 990 అయ్యాయి, మిగిలిన పది గడులు 56వ విద్యార్థికి దక్కాయి. లక్షల గడులు పంపి సర్వర్‌ని కూలదోసే దాడి 2011 డిసెంబరులో బయటపడింది. మరుసటి నెల 5.3.9 నుంచి ఈ హద్దు పెట్టారు. కాబట్టి హద్దు ఉండటం మంచిదే.

మ్యాక్స్_ఇన్‌పుట్_వార్స్ అనే అమరికని పీహెచ్‌పీ డాట్ ఐఎన్ఐలో 2,000 చేయొచ్చు. ప్రోగ్రాం మధ్యలో మారిస్తే పనిచేయదు, అప్పటికే ఫారం లోపలికి వచ్చేసి ఉంటుంది. నన్నడిగితే ఒక పేజీకి ఒక సబ్జెక్టు పెట్టండి, 180 గడులే అవుతాయి. లెక్చరర్లు ఎక్కించేది కూడా తమ సబ్జెక్టునే కదా. ఫారం అట్టడుగున 'సమాప్తం' అని ఒక హిడెన్ గడి పెట్టండి. అది అందకపోతే ఫారం మధ్యలో తెగిందని అర్థం, అప్పుడు ఏ ఒక్కటీ భద్రపరచకుండా అంతా తిప్పి పంపాలి. అరవై మందివీ ఒకే ట్రాన్సాక్షన్‌లో వేస్తే, చేరితే అందరివీ చేరతాయి, లేకుంటే ఎవరివీ చేరవు.

మీ కోడ్‌లో ఇంతకన్నా పెద్ద తప్పు ఒకటి కనిపించింది. ఖాళీగా వదిలిన గడిని మీరు పూర్ణసంఖ్యగా మారుస్తున్నారు, అది 0 అవుతోంది. పరీక్షకి రాని విద్యార్థి, రాసి సున్న తెచ్చుకున్న విద్యార్థి ఒకరు కాదు. ఇంకా మార్కులు వేయని పేపరు ఈ రెండూ కాదు. ఖాళీకి నల్, గైర్హాజరుకి విడిగా ఒక గుర్తు పెట్టండి. ఫలితాలు ఇచ్చేసి ఉంటే ముందు సున్నలన్నీ జవాబు పత్రాలతో పోల్చి చూడండి. ఒక పిల్లవాడి ఏడాది దానిమీద ఆధారపడి ఉంది.

ప్రశ్న: ఫోన్‌తో తీసిన 9 ఎంబీ ఫోటో జతచేసి పంపితే, అన్నీ నింపినా 'మీ పేరు రాయండి' అంటోంది. ఫోటో లేకుండా పంపితే వెళ్తోంది.
- ఒక బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: నీ ఫోటో 9 ఎంబీ ఉందని రాశావు కదమ్మా, అదే కారణం. మొత్తం ఫారానికి పీహెచ్‌పీ మామూలు హద్దు 8 ఎంబీ. అది దాటితే ఫోటోతోపాటు పేరూ ఊరూ అన్నీ పారేసి, పోస్ట్ అర్రేని ఖాళీగా నీ చేతికిస్తుంది. ఖాళీ చూసి నీ కోడ్ పేరు లేదంది. ఒక్క ఫైలుకి హద్దు 2 ఎంబీ. 2కీ 8కీ మధ్య ఉంటే మిగతా గడులు వస్తాయి, ఫైలు దగ్గర ఎర్రర్ నంబర్ 1 వస్తుంది. రెండు సందర్భాలకీ వేర్వేరుగా 'ఫోటో పెద్దదైంది' అని చెప్పు. అభ్యర్థన పొడవు సున్న కాకుండా పోస్ట్ ఖాళీగా ఉందంటే మొదటిది జరిగినట్టు. ఫోటో వచ్చాక ఫైలు పేరు చివర జేపీజీ ఉందని నమ్మకు, లోపలి రకాన్ని చూడు. నువ్వే కొత్త పేరు పెట్టి, వెబ్ నుంచి నేరుగా తెరవలేని ఫోల్డర్లో దాచు.

ప్రశ్న: పంపాక పేజీ రిఫ్రెష్ చేస్తే అదే దరఖాస్తు మళ్లీ చేరుతోంది. బటన్‌ని ఒకసారి నొక్కగానే పనిచేయకుండా చేశాను, అయినా ఆగలేదు.
- ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: భద్రపరిచాక అదే పేజీలో 'ధన్యవాదాలు' చూపకండి. 303 కోడ్‌తో వేరే పేజీకి పంపించండి, రిఫ్రెష్ చేసినా ఆ పేజీయే మళ్లీ వస్తుంది. దానితోపాటు డేటాబేస్‌లో దరఖాస్తుదారు, పథకం కలిపి యూనిక్ ఇండెక్స్ పెట్టండి. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చేవాటిని ఆపేది అదే.

ప్రశ్న: లారావెల్ లాంటి ఫ్రేమ్‌వర్క్ నేర్చుకుంటే ఇవన్నీ తెలియకపోయినా పర్వాలేదా సార్?
- డిప్లొమా విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: నేర్చుకో, తప్పకుండా. వేరే సైట్ నుంచి మీ వాడుకరి పేరు మీద ఫారం పంపే మోసాన్ని అడ్డుకునే టోకెన్, తప్పు పడితే నింపినవి చెరగకుండా మళ్లీ చూపడం, ఇవన్నీ అందులో సిద్ధంగా ఉంటాయి. దాని పద్ధతిలో రాసిన క్వెరీల్లో విలువలు విడిగా వెళ్తాయి కాబట్టి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ భయం చాలావరకు పోతుంది. కానీ పైన భీమవరం అమ్మగారి ధర సంగతి గానీ, నంద్యాల కాలేజీ సున్నల సంగతి గానీ దానికి తెలియదు. ముందు ఉత్త పీహెచ్‌పీతో ఒక్క ఫారం మొత్తం నీ చేత్తో రాయి, పోస్ట్ అర్రేలో ఏం వచ్చిందో ప్రింట్ చేసి చూడు. టిక్ పెట్టని చెక్‌బాక్స్ 'కాదు' అని రాదు, అసలు రానే రాదు. అది కళ్లారా చూశాక లారావెల్ తెరువు.

పాఠకులకి ఒక మనవి. ప్రశ్న పంపేటప్పుడు సర్వర్ ఎర్రర్ లాగ్‌లో చివరి పది వరుసలు జతచేయండి. నంద్యాల లెక్చరర్ గారి జవాబు ఆయన లాగ్‌లోనే రాసి ఉంది. కోడ్ పంపే ముందు డేటాబేస్ పాస్‌వర్డ్ తీసేయండి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింట్లో అది అలాగే ఉంది. ఆ ముగ్గురూ ఈ జవాబులు చదివిన వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోండి.